హైస్కూలు తర్వాత ఏమిటి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలో స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఈసారి రాసిన ఉత్తరాలన్నీ ఒకటే అడుగుతున్నాయి: బడి అయిపోయాక ఏమిటి? బడి ఉన్నన్నాళ్లూ, ఐఈపీ అనే, ఒక్కో బిడ్డకీ విడిగా రాసే ప్రణాళిక ప్రకారం సేవలు అందించే బాధ్యత స్కూలు డిస్ట్రిక్టుది. అది దాటాక ఎవరూ వెతుక్కుంటూ రారు. మనమే దరఖాస్తు పెట్టాలి, అర్హత నిరూపించుకోవాలి, వరసలో నిలబడాలి. కింది జవాబుల్లో తేదీల గోల ఎక్కువగా ఉండడానికి కారణం అదే. డాలర్ల లెక్కలు 2025వి. వీటిలో చాలావరకు ఏటా జనవరిలో మారతాయి.

ప్ర: మా బాబుకి ఆటిజం. ఈ ఏడాది పదహారు నిండుతాయి. ఈసారి ఐఈపీ మీటింగులో ట్రాన్సిషన్ ప్లాన్ కూడా ఉంటుందని కేస్ మేనేజరు ఈమెయిలు పంపారు. ఇన్నేళ్లూ వాళ్లు చదివింది విని సంతకం పెట్టడమే తప్ప మేం అడిగింది లేదు. ఇప్పుడు ఏం అడగాలండీ? (ఒక తల్లి)

జ: ఫెడరల్ చట్టం ప్రకారం, పిల్లవాడికి పదహారు నిండేసరికి అమల్లో ఉండే ఐఈపీలో ట్రాన్సిషన్ ప్లాన్, అంటే బడి నుంచి పెద్దల జీవితంలోకి మారడానికి వేసే ప్రణాళిక, ఉండి తీరాలి. టెక్సాస్, న్యూజెర్సీ లాంటి రాష్ట్రాల్లో పద్నాలుగుకే మొదలవుతుంది. మీటింగుకి వారం ముందు డ్రాఫ్టు పంపమని రాతపూర్వకంగా అడగండి. అక్కడికక్కడ సంతకం పెట్టాలన్న రూలేమీ లేదు, ఇంటికి తెచ్చుకుని చదువుకుంటామని చెప్పొచ్చు.

డ్రాఫ్టు చేతికొచ్చాక మొదట చూడాల్సింది బడి వదిలాక చేరాల్సిన గమ్యాలు. చదువు లేదా శిక్షణ గురించి ఒకటి, ఉద్యోగం గురించి ఒకటి తప్పనిసరి. అవసరమైతే సొంతంగా బతకడం గురించి కూడా ఉండాలి. ప్లాన్లు పల్చబడేది ఇక్కడే. ‘రకరకాల ఉద్యోగాల గురించి తెలుసుకుంటాడు’ అని రాస్తే అది గమ్యం కాదు, బడిలో ఉండగా చేసే పని. ‘హైస్కూలు పూర్తయిన ఏడాదిలోపు గోదాములోనో లైబ్రరీలోనో వారానికి 15 గంటలు జీతానికి పనిచేస్తాడు’ అని రాస్తే గమ్యం. చేశాడో లేదో రేపు ఎవరైనా తేల్చి చెప్పగలరు.

తర్వాత ఈ ఏడాది లక్ష్యాలు ఆ గమ్యం వైపు నడిపిస్తున్నాయో లేదో చూడండి. గమ్యం గోదాము పని అయినప్పుడు ఈ ఏడాది లక్ష్యం పద్యం చదివి సారాంశం రాయడం ఒక్కటే అయితే రెండింటికీ పొత్తు లేదు. ‘పది అంచెలున్న ప్యాకింగ్ పనిలో ఎనిమిది అంచెలు ఎవరూ గుర్తుచేయకుండా, ఐదుసార్లలో నాలుగుసార్లు పూర్తిచేస్తాడు’ అన్నది పనికొచ్చే లక్ష్యం. చివరగా సేవల పేజీ: ఎవరు నేర్పిస్తారు, ఎక్కడ, వారానికి ఎన్ని నిమిషాలు. ‘అవసరాన్ని బట్టి’ అన్న మాట కనిపిస్తే అంకె వేయించండి. ఆ మాట ఉన్నంతకాలం సున్నా నిమిషాలు చెప్పినా ప్లాన్ పాటించినట్టే లెక్క.

ఈ లక్ష్యాలు దేని ఆధారంగా రాశారని అడగండి. చాలాచోట్ల కంప్యూటరు మీద ఆసక్తుల ప్రశ్నపత్రం ఒకటి పెట్టి సరిపెడతారు. మాట తక్కువున్న పిల్లలకు, చూడని ఉద్యోగం గురించి ఊహించలేని పిల్లలకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. నిజంగా పని జరిగే చోట మూడు వేర్వేరు పనులు, ఒక్కోటి కనీసం రెండు వారాలు చేయించి రాసుకోమనండి: ఎంతసేపు నిలబడగలిగాడు, శబ్దానికి ఎలా ఉన్నాడు, ఎన్నిసార్లు గుర్తుచేయాల్సి వచ్చింది, పని అయిపోయాక తర్వాతి పని అడిగాడా, ఊరికే కూర్చున్నాడా. ఉద్యోగాలు నిలబడనిది ఎక్కువగా ఈ చివరిదాని దగ్గరే. పని రాక పోయే ఉద్యోగాలు తక్కువ.

బస్సులో సొంతంగా వెళ్లడం నేర్పించమని కూడా అడగండి. ట్రావెల్ ట్రైనింగ్ స్పెషల్ ఎడ్యుకేషన్‌లో భాగమని నిబంధనల్లోనే ఉంది. ‘అది మా పని కాదు’ అంటే ఒప్పుకోవద్దు. నేర్పే పద్ధతి మీద కూడా ఒక కన్నేయండి. పక్కన నిలబడి ‘ఇప్పుడు దిగు’ అని నోటితో చెబుతూ ఉంటే పిల్లవాడు స్టాపుని కాకుండా ఆ గొంతుని గుర్తుపెట్టుకుంటాడు. అన్ని సాయాల్లోకీ తీసేయడానికి కష్టమైనది నోటిమాటే. ఫోటోలున్న కార్డుతోనో ఫోన్లో అలారంతోనో మొదలుపెడితే, నేర్పేవాళ్లు ఒక సీటు వెనక్కి, తర్వాత బస్సు వెనక వరసకి, ఆ తర్వాత గమ్యం దగ్గరికి జరుగుతూ పోవచ్చు. స్టాపు దాటిపోతే ఏం చేయాలో విడిగా, కావాలనే దాటించి నేర్పాలి. అది నేర్పకపోతే మొదటి పొరపాటుతోనే మీరు భయపడి మళ్లీ కారు తీస్తారు.

ట్రాన్సిషన్ గురించి మాట్లాడే మీటింగుకి బాబుని పిలవడం చట్టం ప్రకారం తప్పనిసరి. మాట్లాడలేకపోయినా సరే కూర్చోబెట్టండి. ఇష్టమైనవి, కష్టమైనవి, సాయం కావాల్సినవి ఒక పేజీలో బొమ్మలతో పెట్టి, మీటింగు మొదట్లో అదే చూపించమనండి. రాష్ట్ర వొకేషనల్ రీహాబిలిటేషన్ ఏజెన్సీ, అంటే వైకల్యం ఉన్నవాళ్లకి ఉద్యోగంలో సాయపడే, అందరూ వీఆర్ అనే సంస్థ, వాళ్లను పిలవడానికి మీ సమ్మతి కావాలి. ఆ కాగితం కట్టలో ఎక్కడో ఉంటుంది, వెతికి సంతకం పెట్టండి. 2014లో వచ్చిన చట్టంతో హైస్కూలులో ఉండగానే వీఆర్ ఉద్యోగాల పరిచయం, పని అనుభవం, పై చదువుల సలహా, పనిచోట మెలిగే తీరు, తన గురించి తాను మాట్లాడడం అనే ఐదు రకాల శిక్షణ ఇవ్వాలి. అడిగిన పిల్లలకే అందుతుంది.

ప్ర: మా అమ్మాయికి డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ. పదకొండో గ్రేడు. పరీక్షల్లో ఒకటిన్నర రెట్ల సమయం, నోట్సు, ఆడియో పుస్తకాలు ఐఈపీలో ఉన్నాయి. కాలేజీకి ఆ ఐఈపీ పట్టుకెళ్తే చాలు కదా? (న్యూజెర్సీ నుంచి ఒక తండ్రి)

జ: చాలదండీ. ఐఈపీ హైస్కూలు గేటు దగ్గరే ఆగిపోతుంది. కాలేజీకి వర్తించేవి సెక్షన్ 504, ఏడీఏ అనే వికలాంగుల హక్కుల చట్టాలు. అవి వివక్ష చూపొద్దంటాయి గానీ, పిల్ల పాసయ్యేలా చూడమనవు. అదనపు సమయం, నోట్సు, ఆడియో పుస్తకాలు దొరుకుతాయి. సిలబస్ తగ్గించడం, సులువు ప్రశ్నపత్రం ఇవ్వడం ఉండవు. ఇప్పుడున్న ఐఈపీలో ఏది ఏ కోవలోకి వస్తుందో కేస్ మేనేజరుతో కూర్చుని గీత గీయించుకోండి. రెండో రకం సాయాలను పన్నెండో గ్రేడులో మెల్లగా తీసేస్తూ రావడం మంచిది.

కాలేజీ అడిగేది మూల్యాంకన నివేదిక. ఐదో తరగతిలో చేసిందైతే చాలా కాలేజీలు పాతదంటాయి. స్కూలు మూడేళ్లకోసారి రీ-ఎవాల్యుయేషన్ చేయాలి, అయితే ఇరుపక్షాలూ అక్కర్లేదనుకుంటే మానేయొచ్చు. ‘మీ అమ్మాయి అర్హత తెలిసిందే కదా, ఈసారి పరీక్షలు అక్కర్లేదు’ అంటూ ఒక ఫారం ఇస్తారు. సంతకం పెట్టకండి. పదహారు దాటాక పరీక్షిస్తే పెద్దవాళ్ల ప్రమాణాలున్న పరీక్ష వాడొచ్చు, కాలేజీ దగ్గర దానికి విలువ ఎక్కువ. అదే బయట సైకాలజిస్టు దగ్గరైతే వేల డాలర్లు అవుతుంది. కాలేజీ మాత్రం తన ఖర్చుతో పరీక్షించాల్సిన పనిలేదు.

కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్‌కి ఐఈపీలో ఉంది కాబట్టి అదనపు సమయం దానంతటదే రాదు. స్కూల్లో ఇలాంటి సాయాలు చూసే ఎస్ఎస్‌డీ కోఆర్డినేటరు, శాట్ నడిపే కాలేజీ బోర్డుకి విడిగా దరఖాస్తు పెట్టాలి, పరిశీలనకు ఏడు వారాల వరకు పట్టొచ్చు. అదే అనుమతి ఏపీ పరీక్షలకూ, అంటే హైస్కూల్లో రాసే కాలేజీ స్థాయి పరీక్షలకూ పనికొస్తుంది. ఇంకో ప్రవేశ పరీక్ష ఏసీటీకి మళ్లీ వేరే. అదనపు సమయంతో రాసినట్టు మార్కుల కాగితం మీద పడుతుందేమోనని కొందరు తల్లిదండ్రులు ఇప్పటికీ జంకుతారు. 2003 నుంచి అలా పడడం లేదు.

సీటు వచ్చి చేరతానని ఒప్పుకున్న వెంటనే డిజబిలిటీ సర్వీసెస్ ఆఫీసుకి రాయాల్సింది అమ్మాయే. మీరు ఫోన్ చేస్తే మర్యాదగా పెట్టేస్తారు. అనుమతి వచ్చాక ప్రతి సెమిస్టరు మొదట్లో ఆ లెటరు ఒక్కో ప్రొఫెసరుకీ పంపాలి, చాలా చోట్ల అది కూడా తనే చేయాలి. ఎక్కువమంది తడబడేది ఇక్కడ. మొదటి సెమిస్టరు ‘నా అంతట నేను చూసుకుంటా’ అనుకుని చెప్పరు, మిడ్‌టర్మ్ పోయాక పరుగెత్తుతారు. వెనక తేదీతో అకామడేషన్, అంటే అదనపు సమయం లాంటి సాయం, ఇవ్వరు. పోయిన పరీక్ష పోయినట్టే. తక్కువ కోర్సులు తీసుకుంటూనే ఫుల్‌టైమ్ విద్యార్థిగా లెక్కించే వీలుందా, ముందుగా రిజిస్టరు చేసుకోనిస్తారా అన్నవి కూడా అడగమనండి. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకి ఉదయం ఎనిమిది గంటల క్లాసు తప్పించుకోవడమే సగం చికిత్స.

కాలేజీలో చేరిన రోజు నుంచి మార్కుల రికార్డు మీద హక్కు ఆమెది. మీరు ఫీజు కట్టినా సరే, ఆమె సమ్మతి పత్రం లేకపోతే కాలేజీ మీకు చెప్పనక్కర్లేదు.

ప్ర: బాబుకి మేధో వైకల్యం. పద్దెనిమిది నిండాయి. క్రెడిట్లన్నీ అయ్యాయి, జూన్‌లో డిప్లొమా ఇచ్చేస్తామంటున్నారు. చుట్టాలంతా శుభాకాంక్షలు చెబుతున్నారు. కానీ వాడికి ఒంటరిగా రోడ్డు దాటడం కూడా రాదు. (ఇల్లినాయ్ నుంచి ఒక అమ్మ)

జ: ఆ కాగితం తీసుకునే ముందు ఆగండి. రెగ్యులర్ డిప్లొమా చేతిలో పడిన రోజున ఉచిత ప్రత్యేక విద్య మీద హక్కు పోతుంది, తర్వాత తిరిగి ఇచ్చేసినా రాదు. డిప్లొమా తీసుకోకపోతే చాలా రాష్ట్రాల్లో 21 నిండే వరకో, 22వ పుట్టినరోజు వరకో బడి నేర్పాల్సిందే. మిషిగన్‌లో 26 వరకు. ఆ మిగిలిన ఏళ్లలో వంట, డబ్బు, బస్సు, ఉద్యోగం నేర్పే 18 దాటినవాళ్ల కార్యక్రమం ఉంటుంది. అది తరగతి గదిలో కాక బయట ప్రపంచంలో జరుగుతోందో లేదో వెళ్లి చూడండి.

ట్రాన్సిషన్ లక్ష్యాలు పూర్తికాలేదని రాతపూర్వకంగా ఐఈపీ మీటింగు అడగండి. డిప్లొమా ఇవ్వడం అంటే ప్లేస్‌మెంటు, అంటే బాబు చదివే ఏర్పాటు, మార్చడమే, కాబట్టి స్కూలు ముందుగా రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఒప్పందం కుదరకపోతే గ్రాడ్యుయేషన్ తేదీకి ముందే డ్యూ ప్రాసెస్ ఫిర్యాదు, అంటే విచారణాధికారి తేల్చే అధికారిక ఫిర్యాదు, వేయాలి. అలా వేస్తే అది తేలేవరకు బాబు ఉన్న ఐఈపీ కొనసాగుతుంది. ఒకరోజు ఆలస్యమైనా ఆ రక్షణ దొరకడం కష్టం. ఒక మాట: బాబుకి పద్దెనిమిది నిండాయి కాబట్టి ఇప్పుడు సంతకాలు అతనివే కావచ్చు. కింద గార్డియన్‌షిప్ జవాబు చూడండి.

గౌను, టోపీ, ఫోటోలు మాత్రం వదులుకోనక్కర్లేదు. తోటివాళ్లతో వేడుకలో నడిచి, డిప్లొమా తర్వాత తీసుకునే వీలు చాలాచోట్ల ఉంది. ఆ కవరు ఖాళీగా ఉండేలా ముందే రాయించుకోండి.

ప్ర: నేను ఆంధ్రాలో ఉంటాను. నా మనవడు అమెరికాలో పుట్టాడు, సెరిబ్రల్ పాల్సీ, పదిహేడేళ్లు. నా తదనంతరం వాడికి ఇబ్బంది ఉండకూడదని రెండెకరాల పొలం, కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్ వాడి పేరున పెడదామనుకుంటే మా అబ్బాయి వద్దంటున్నాడు. ఎందుకో సరిగ్గా చెప్పడు. (ఒక తాతయ్య)

జ: అయ్యా, మీ అబ్బాయి చెప్పింది నిజం. కారణం ఇదీ.

పద్దెనిమిది దాటాక వైకల్యం ఉన్న యువకుడికి ఎస్ఎస్ఐ అనే నెలవారీ భృతి రావొచ్చు. 2025లో ఒంటరి వ్యక్తికి గరిష్ఠంగా నెలకు 967 డాలర్లు. డబ్బు కన్నా ముఖ్యంగా, చాలా రాష్ట్రాల్లో దాంతోపాటు మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా వస్తుంది, జీవితకాలపు సంరక్షణ దాని మీదే నడుస్తుంది. అయితే అతని పేరున లెక్కకొచ్చే ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు. ఈ అంకె 1989 నుంచి మారలేదు. ఆ ఆస్తి ఎక్కడుందన్నది చూడరు. గుంటూరులోని డిపాజిట్టూ ఆస్తే, పొలమూ ఆస్తే. పోనీ వచ్చాక ఎవరికైనా రాసిచ్చేద్దామంటే, ఊరికే ఇచ్చేసినందుకు 36 నెలల వరకు భృతి ఆపేయొచ్చు.

పైగా మనవడు అమెరికా పౌరుడు. ఓసీఐ కార్డు ఉన్నా వ్యవసాయ భూమి దానంగా పుచ్చుకోవడానికి భారత విదేశీ మారకద్రవ్య చట్టం, ఫెమా, నిబంధనలు ఒప్పుకోవు, వారసత్వంగానైతే రావొచ్చు. కాబట్టి గిఫ్ట్ డీడ్ చెల్లదు, వీలునామాలో అతని పేరు రాస్తే భృతికి ఎసరు.

చేయాల్సింది: మీ వీలునామాలో మనవడి వాటాను మీ అబ్బాయి పేరున రాయండి. అబ్బాయి అక్కడ స్పెషల్ నీడ్స్ ట్రస్టు, అంటే మనవడి ఆస్తిగా లెక్కకు రాకుండా అతని ఖర్చులకు సొమ్ము ఉంచే ట్రస్టు, పెట్టి, తర్వాత ఆ సొమ్మును అందులో వేస్తాడు. ఇతరుల సొమ్ముతో పెట్టే ట్రస్టు అయితే మనవడి తర్వాత మిగిలినది కుటుంబానికే పోతుంది. మనవడి సొంత డబ్బుతో పెట్టినదైతే మిగిలినదాంట్లోంచి ముందు మెడికెయిడ్ ఖర్చు తిరిగి కట్టాలి. అందుకే రెండూ కలపకూడదు. ట్రస్టు నుంచి మనవడి చేతికి నగదు ఇస్తే భృతి అంతమేరా తగ్గుతుంది. ఫోను, చదువు, థెరపీ, ప్రయాణం లాంటి ఖర్చులు ట్రస్టే నేరుగా కడితే తగ్గదు.

చిన్న మొత్తాలకు ఏబుల్ ఖాతా ఉంది, వైకల్యం ఉన్నవాళ్ల ప్రత్యేక పొదుపు ఖాతా అది. ఎవరైనా వేయొచ్చు, 2025లో ఏడాదికి అందరిదీ కలిపి 19,000 డాలర్ల వరకు, 1,00,000 డాలర్ల వరకు ఎస్ఎస్ఐ లెక్కలోకి రాదు. వైకల్యం 26 ఏళ్లలోపు మొదలై ఉండాలన్న షరతును 2026 జనవరి 1 నుంచి 46కి పెంచారు. పుట్టినరోజుకి మీరు పంపే డబ్బు అందులో పడేలా చూడమని కోడలికి చెప్పండి.

ఇంకొకటి, మనవడు మీ దగ్గరికి వచ్చేటప్పటి సంగతి. వరుసగా 30 రోజులు అమెరికా బయట ఉంటే ఎస్ఎస్ఐ ఆగిపోతుంది, తిరిగెళ్లాక వరుసగా 30 రోజులు అక్కడ ఉంటేగానీ మళ్లీ మొదలవదు. ఎండాకాలం సెలవులు నెలకు లోపే పెట్టుకోమనండి. పెళ్లి ముహూర్తాలు కూడా ఆ లెక్కన చూసుకునే ఇళ్లు ఉన్నాయి.

ప్ర: పద్దెనిమిది వచ్చాక బిడ్డకి డాక్టరు దగ్గర కూడా మేం మాట్లాడకూడదట. వెంటనే కోర్టులో గార్డియన్‌షిప్ వేయాలా? (టెక్సాస్ నుంచి)

జ: వైకల్యం ఎంత ఉన్నా పద్దెనిమిదో పుట్టినరోజున నిర్ణయాధికారం పిల్లలకే వస్తుంది, ఐఈపీ మీద కూడా. స్కూలు ఈ సంగతి ఏడాది ముందే మీకు, పిల్లలకు చెప్పి ఐఈపీలో రాయాలి. దానర్థం అందరూ కోర్టుకెక్కాలని కాదు. గార్డియన్‌షిప్ అంటే ఎక్కడ ఉండాలి, ఏ వైద్యం, ఎవరితో స్నేహం అన్న హక్కులు పిల్లల నుంచి తీసి మరొకరికి ఇవ్వడం. ఇప్పించుకున్నంత తేలిగ్గా రద్దు కాదు, వేరే రాష్ట్రానికి మారితే అక్కడి కోర్టుకి మార్పించుకోవాలి.

తాను సంతకం పెట్టేది ఏమిటో సులువు మాటల్లో చెబితే అర్థం చేసుకోగల పిల్లలకు వైద్యానికి, డబ్బుకి, చదువుకి పవరాఫ్ అటార్నీలు, ఆసుపత్రి సమాచారం పంచుకోవడానికి హిపా (వైద్య గోప్యత చట్టం) సమ్మతి పత్రం సరిపోతాయి. మీ రాష్ట్రమే 2015లో దేశంలో మొదటిసారి ‘సపోర్టెడ్ డెసిషన్ మేకింగ్’ ఒప్పందాన్ని చట్టంలో పెట్టింది. నిర్ణయం బిడ్డదే, అర్థం చేయించేవారిగా మీ పేరు ఉంటుంది. బ్యాంకు, డాక్టరు ఆ కాగితాన్ని గౌరవిస్తారు. ఎస్ఎస్ఐ డబ్బుకి మాత్రం ఇవేవీ చెల్లవు. ఆ భృతి ఇచ్చే సోషల్ సెక్యూరిటీ సంస్థ పవరాఫ్ అటార్నీని ఒప్పుకోదు, వాళ్ల దగ్గర విడిగా రిప్రజెంటేటివ్ పేయీగా, అంటే బిడ్డ తరఫున డబ్బు అందుకునేవారిగా, నమోదవ్వాలి.

ఏ విధంగానూ తన ఇష్టాన్ని తెలియజేయలేని బిడ్డకి, లేక ఎవరు ఏది చెబితే దానికి సంతకం పెట్టి మోసపోయే బిడ్డకి గార్డియన్‌షిప్ తప్పకపోవచ్చు. అప్పుడైనా అన్ని హక్కులూ కాకుండా వైద్యం వరకో ఆస్తి వరకో పరిమితం చేయమని అడగొచ్చు. పుట్టినరోజుకి ఆరు నెలల ముందు లాయరుని కలవండి.

ప్ర: మావాడికి పంతొమ్మిది, బడి నడిపే 18 దాటినవాళ్ల కార్యక్రమంలో ఉన్నాడు. ఒక స్టోరులో పార్ట్‌టైమ్ ఉద్యోగం వచ్చింది. జీతం వస్తే ఎస్ఎస్ఐ పోతుందని మావారు వద్దంటున్నారు.

జ: పోదండీ. 22 ఏళ్లలోపు ఉండి క్రమంగా బడికి వెళ్తున్న విద్యార్థికి 2025లో నెలకు 2,350 డాలర్ల వరకు, ఏడాదికి మొత్తం 9,460 దాకా సంపాదనను లెక్కలోకే తీసుకోరు. నెలకు 800 వస్తే పదకొండు నెలల దాకా భృతిలో ఒక్క డాలరూ తగ్గదు, పన్నెండో నెలలో ఏడాది పరిమితి దాటి కాస్త తగ్గుతుంది. ఈ మినహాయింపు సోషల్ సెక్యూరిటీ వాళ్లకు గుర్తు చేయకపోతే పడకపోవచ్చు, బడి నుంచి హాజరు లెటరు తెచ్చి ఇవ్వండి.

బడి అయిపోయాక కూడా లెక్క మరీ కఠినం కాదు. 800లో 85 వదిలేస్తారు, మిగిలిన 715లో సగం, 357.50, భృతిలోంచి తగ్గుతుంది. 967కి బదులు 609.50 వస్తుంది, జీతంతో కలిపి చేతిలో 1,409.50. పనిచేస్తే నష్టమన్నది ఎక్కడా లేదు. నష్టం వచ్చేది జీతం వివరాలు చెప్పకపోతేనే. పే స్టబ్బులు తర్వాతి నెల పదో తేదీలోపు పంపాలి. ఏడాది తర్వాత ‘ఎక్కువ ఇచ్చాం, తిరిగి కట్టండి’ అని వచ్చే ఉత్తరాల్లో చాలావాటికి మూలం ఇదే. జీతమంతా ఖాతాలో పోగుపడి 2,000 దాటితే అదొక చిక్కు, మిగులు ఏబుల్ ఖాతాకి మార్చండి.

ఇంకా దరఖాస్తే పెట్టని పాఠకులకు: పద్దెనిమిది నిండిన తర్వాతి నెల నుంచి తల్లిదండ్రుల ఆదాయం లెక్కించరు. చిన్నప్పుడు మీ జీతం చూసి తిరస్కరించినా ఇప్పుడు మళ్లీ వేయండి. వెనకటి నెలలకు ఇవ్వరు, ఆలస్యమైన ప్రతి నెలా పోయినట్టే. ఇంటి అద్దె, కరెంటులో తన వాటా బిడ్డ చెల్లించకుండా మీతోనే ఉంటే భృతిలో సుమారు మూడో వంతు కోయొచ్చు. ఆ వాటా ఎంతో ఒక కాగితం మీద ఒప్పందం రాసుకుని, నెలనెలా చెల్లింపు ఖాతాలో కనిపించేలా చూడండి.

ఉద్యోగం విషయానికొస్తే, మొదటి వారాల్లో జాబ్ కోచ్‌ని వీఆర్ నుంచి అడగండి. కోచ్ ఎప్పుడు తప్పుకుంటారో, ఆ తర్వాత అక్కడి ఉద్యోగుల్లో ఎవరు చూసుకుంటారో మొదటిరోజే రాయించాలి. కోచ్ పక్కన ఉన్నన్నాళ్లూ సూపర్‌వైజరు మీ అబ్బాయితో కాకుండా కోచ్‌తోనే మాట్లాడతారు. కోచ్ వెళ్లిన మర్నాడు అందరూ కొత్తవాళ్లవుతారు.

ప్ర: మేం హెచ్-1బీ మీద ఉన్నాం. పాపకి డౌన్ సిండ్రోమ్, పదిహేడేళ్లు, హెచ్-4. పైవన్నీ మాకు వర్తిస్తాయా?

జ: బడికి సంబంధించినవన్నీ వర్తిస్తాయి. ఐఈపీ, ట్రాన్సిషన్ ప్లాన్, 18 తర్వాతి కార్యక్రమం, వీటికి వీసా అడగకూడదు. ఎస్ఎస్ఐ రాదు, ఫెడరల్ విద్యా సాయం రాదు, జీతం ఉన్న పని చేయించకూడదు. పని అనుభవం బడి నడిపే, జీతం లేని శిక్షణగానే ఉండాలి. ఐ-485 అనే గ్రీన్‌కార్డు దరఖాస్తు దాఖలయ్యాక వర్క్ కార్డు వస్తే ఉద్యోగం, వీఆర్ తలుపులు తెరుచుకుంటాయి.

అసలు గండం 21. ఆ తర్వాత హెచ్-4 ఉండదు. పిల్లల వయసు లెక్కకట్టే చట్టం, సీఎస్‌పీఏ, కింద ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్, పెండింగులో ఉన్న రోజులను తీసేస్తారు. వీసా నంబరు దొరికిన రోజుకి అలా సవరించిన వయసు 21 లోపు ఉండాలి. 2025 ఆగస్టు 15 నుంచి వేసే దరఖాస్తులకు ఈ లెక్కకు వీసా బులెటిన్‌లోని ఫైనల్ యాక్షన్ తేదీలనే చూస్తున్నారు. మీ తేదీలతో లాయరు చేత ఇప్పుడే లెక్క వేయించండి.

గ్రీన్‌కార్డు వచ్చిన కుటుంబాలకి ఒక ముఖ్య విషయం. పిల్లలకి పద్దెనిమిది నిండేలోపు, గ్రీన్‌కార్డుతో మీ దగ్గరే ఉండగా, తల్లిదండ్రుల్లో ఒక్కరు పౌరసత్వం తీసుకున్నా పిల్లలకి దానంతటదే వచ్చేస్తుంది. పరీక్ష లేదు, ప్రమాణం లేదు. అది దాటితే ఆ బిడ్డ విడిగా దరఖాస్తు పెట్టి, ఎన్-648 ఫారం మీద డాక్టరు సంతకంతో పరీక్ష మినహాయింపు అడగాలి. పౌరసత్వం లేకుండా గ్రీన్‌కార్డు మీదే ఎస్ఎస్ఐ రావాలంటే సాధారణంగా ఐదేళ్లు గడవాలి, 40 క్వార్టర్ల (సోషల్ సెక్యూరిటీ లెక్కకట్టే పని యూనిట్ల) పని లెక్క ఉండాలి. బిడ్డకి పద్దెనిమిది నిండేలోపు తల్లిదండ్రులు సంపాదించిన క్వార్టర్లు అందులో కలుస్తాయి.

ప్ర: ఉద్యోగం కోసం టెక్సాస్ నుంచి నార్త్ కరోలైనా మారుతున్నాం. అమ్మాయి మెడికెయిడ్ వెయివర్ (ఇంట్లోనే సంరక్షణ సేవలిచ్చే పథకం) వరసలో ఆరేళ్లుగా ఉంది. ఆ వరస నంబరు అక్కడికి బదిలీ అవుతుందా? మా కంపెనీ ఇన్సూరెన్సు 26 తర్వాత ఉంటుందా?

జ: వరస బదిలీ కాదు. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో జాబితా, కొత్తచోట చివర్నుంచి మొదలు. చిరునామా దొరికిన వారంలోనే కొత్త రాష్ట్రంలో పేరు రాయించండి. టెక్సాస్‌లో కొన్ని జాబితాలు పదేళ్లు దాటి నడుస్తాయి కాబట్టి, తిరిగొచ్చే ఆలోచన ఉంటే అక్కడి పేరు తీసేయించే ముందు ఏజెన్సీని అడగండి. జాబితాలో ఉన్నవాళ్లకి అప్పుడప్పుడూ ‘ఇంకా కావాలా’ అని ఉత్తరం వస్తుంది. పాత చిరునామాకి వెళ్లి జవాబు రాకపోతే పేరు కొట్టేస్తారు.

ఇన్సూరెన్సు 26 వరకు మామూలుగానే ఉంటుంది. ఆ తర్వాత కూడా, సొంతంగా పోషించుకోలేని వైకల్యం ఉన్న పిల్లలను చాలా ప్లాన్లు కొనసాగిస్తాయి. 26 నిండడానికి మూడు నెలల ముందే హెచ్ఆర్ నుంచి ఆ ఫారం తీసుకుని డాక్టరు చేత నింపించండి. గడువు తరచుగా 31 రోజులే ఉంటుంది. ఉద్యోగం మారినప్పుడు కొత్త ప్లాను 26 దాటిన పిల్లలను కొత్తగా చేర్చుకుంటుందో లేదో ఆఫర్ లెటరు మీద సంతకం పెట్టకముందే అడగండి.